సున్నం గీతల్లో కానుగ మొక్క

పుంగనూరు,
ఆదివారం మధ్యాహ్నం.

పాస్టరయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. ఎదురుగా వచ్చి చెబితే మీరు ప్రార్థన చేసి పంపించేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

పోయిన జూన్‌లో పర్యావరణ ఆదివారమని మన సంఘం సమాధుల తోటలో ముప్పై మొక్కలు నాటింది. సంతోషమే. కానీ అందులో ఒక కానుగ మొక్కను నా చోటులో నాటారు. మా ఇంటామె రాహేలమ్మ సమాధికి కుడి పక్కన, రేపు నన్ను పెట్టడానికని, నేనే సున్నంతో గీతలు గీసి ఉంచుకున్నాను. యువజన సంఘం ఉషాను అడిగితే, "ఈడ గుంత తవ్వమని మీరే గుర్తు పెట్టినారనుకుంటిమి తాతా" అంది. నిజమే, గుంత తవ్వడానికే గీశాను.

ఆ మొక్కను తీయించమని అడగాలనే కాగితం ముందేసుకున్నాను. అయితే ఫోటోలు దిగాక నీళ్ల సంగతి అందరూ మరిచిపోయారు. నా చోటులో మొక్క ఎండితే నాకే నామర్దా అని రోజూ రెండు బిందెలు మోస్తున్నాను. ఇప్పుడది నా నడుము దాటింది.

రాహేలమ్మ ఉన్నన్నాళ్లూ ఒకటే సాధింపు: "ఇంటి ముందర ఒక్క చెట్టన్నా పెట్టినావా? నీడ లేక సస్తాండాను." ఈ మధ్య పొద్దు వాలితే ఆ కానుగ నీడ బెత్తెడు ఆమె పేరు మీద పడుతోంది. పీకించి పైకి పోతే ఆమెకు ఏమని జవాబు చెప్పాలి?

కాబట్టి మొక్కను కదిలించకండి. నన్నే ఎడమ పక్కకు మార్చండి. ఈసారి మాత్రం సున్నం గీయను. మళ్లీ జూన్ వస్తోంది.

ఇట్లు,
మూడో బెంచీ చివర కూర్చునే మీ సంఘస్థుడు.