చివరి పేజీలో లేని పేర్లు

టోక్యో నగరం, బుంక్యో వార్డు, సుయిదో వీధిలో ఉంటున్న సెకినే ఉమెనో అనే నేను, వయసు ఎనభై రెండు, వృత్తి పుస్తకాల కూర్పు, కుట్టుపని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో, నా చేత్తో రాసి నా ముద్ర వేస్తున్న వీలునామా ఇది. వేళ్లు వణుకుతున్నాయి గాని బుద్ధి వణకడం లేదు. కోపంగా మాత్రం ఉన్నాను. కోపంలో రాసిన వీలునామా చెల్లుతుందా అని లాయరు అకాజావా గారిని అడిగాను. చెల్లుతుందన్నారు. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా ఆయనదే.

1. ఇల్లు, ఇంటి స్థలం మా తమ్ముడి కొడుకు మొరియా షుంపేకి చెందుతాయి. పోయిన కొత్త సంవత్సరానికి వచ్చి, "అత్తా, ఈ చెత్తంతా ఎప్పుడు తీసేస్తావు? కాళ్లు చాపుకునే చోటు కూడా లేదు" అన్నాడు. నాయనా, ఇల్లు నీది. చెత్త నీది కాదు. కింది అంశాల్లో చెప్పిన వాళ్లు వచ్చి పట్టుకెళ్లేదాకా ఒక్క కాగితం కదిలించినా, అకాజావా గారు నిన్ను కోర్టుకు లాగుతారు. చాపుకోవడానికి నీకు ఇంకా చాలా ఏళ్లున్నాయి.

2. 'హమసుగా' అనే ఫొటోల పుస్తకానికి నేను చేత్తో కట్టిన డమ్మీ, అంటే అచ్చుకు ముందు చేసే నమూనా ప్రతి, ఎవరికి చెందాలో చెప్పేముందు, అది ఎలా పుట్టిందో రాయాలి. దీని గురించి ఇప్పటివరకూ అచ్చయినవన్నీ అబద్ధాలు కాబట్టి.

షోవా నలభై ఆరు, అంటే 1971 వేసవిలో ఇగావా జోజి నాలుగు వందల పన్నెండు ఫొటోలు బియ్యం సంచిలో వేసుకుని మా గుమ్మంలో దిగాడు. వయసు ఇరవై ఎనిమిది. ఫ్యాక్టరీల కోసం మట్టి పోసి పూడ్చేస్తున్న హమసుగా అనే పల్లెకారుల ఊరిలో రెండేళ్లుండి తీసిన ఫొటోలవి. ఆ రోజుల్లో మాలాంటి వాళ్లకు ఫొటోలు తగిలించుకునే గోడలెక్కడివి? పుస్తకమే ప్రదర్శనశాల. గోడ మీదది నకలు, పుస్తకమే అసలు అని నమ్మిన తరం మాది. ఏ పేజీ తిప్పితే ఏ బొమ్మ రావాలి, కాగితం ఎంత గరుకుండాలి, సిరా ఎంత చిక్కగా ఉండాలి, ఇవన్నీ కుదిరితేనే పుస్తకం.

ఇగావా తన ఫొటోలను తేదీల వరసలో పేర్చుకొచ్చాడు. చూస్తే మునిసిపాలిటీ నివేదికలా ఉంది. నేను ఆ వరస చెరిపేసి, చాపల మీద పరుచుకుని నలభై రోజులు పేర్చాను. తొంభై ఆరు ఉంచాను. మొదటి పేజీలో సముద్రపు నాచు లాగుతున్న ఒక ఆడమనిషి చేతులు, ముఖం లేకుండా. తర్వాత పేజీ పేజీకీ నీళ్లు తగ్గుతూ మట్టి పెరిగేలా కూర్చాను. నడిమి రెండు పేజీల్లో పడవ సరిగ్గా కుట్టు మీద పడేలా పెట్టాను.

అది చూసి ఇగావా ఎగిరిపడ్డాడు. "అక్కా! నా పడవని రెండు ముక్కలు చేశావు!"

"ఊరినే రెండు ముక్కలు చేశారు కదయ్యా, నీ పడవెంత?" అన్నాను.

రెండు రోజులు మా గడప తొక్కలేదు. మూడో రోజు వచ్చి, "అలాగే ఉంచు" అన్నాడు. ఈనాడు కుర్రాళ్లకు పాఠాలు చెబుతూ, "పడవను కుట్టు దగ్గర చీల్చాలన్నది నాకు హమసుగాలోనే తట్టింది" అంటున్నాడు. ఆ మాట నేను టీవీలో నా చెవులతో విన్నాను.

3. నలుపు గురించి. ఆ పుస్తకంలోని నలుపును లోకమంతా మెచ్చుకుంటుంది. ఐరోపా నుంచి వచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని చూసి వెళ్తారు. ఇగావా దాన్ని 'నా చూపులోని నలుపు' అంటాడు. చూపులో నలుపేమిటి! ఆ నలుపు నా భర్త సెకినే తొకుజిది. రాగి సిలిండరు మీద బొమ్మ మేరకు రాగిని ద్రావకం, అంటే యాసిడ్, చేత తినిపించి, ఆ గుంటల్లో సిరా నింపి అచ్చువేసేవాడు. గుంట ఎంత లోతైతే నలుపు అంత చిక్కన. ఎంతసేపు తినిపించాలో ఏ గడియారమూ చెప్పదు. ఆయన ముక్కుకూ వేళ్లకూ తెలిసేది.

"ఇంకా నల్లగా అన్నా, ఇంకా నల్లగా. సముద్రం చచ్చిపోతోందని తెలియాలి" అని ఇగావా పక్కన నిలబడి సతాయించేవాడు.

"ఇంకా నల్లగా చేస్తే ముందు కాగితం చస్తుందిరా" అని నవ్వి, మళ్లీ తినిపించేవాడు మా ఆయన. ఒక్కొక్క బొమ్మ తొమ్మిదేసి సార్లు చేశాడు. ఆ గదికి కిటికీ లేదు. 1988లో ఊపిరితిత్తులు చెడి పోయాడు. ద్రావకం ఆవిరి వల్లేనని డాక్టరు గట్టిగా చెప్పలేదు. నేను చెబుతున్నాను.

ఆ సిలిండర్లను పుస్తకం అచ్చు కాగానే అరగదీసి ఏదో వారపత్రిక ముఖచిత్రానికి వాడేశారు. మిగిలినవి పరీక్షకు తీసిన నూట ఆరు అచ్చుకాగితాలు. వెనక తొకుజి చేతిరాతలున్నాయి: "ఇంకో అర నిమిషం." "ఈసారి ఎక్కువైంది, ఉమే చూడకూడదు." నేను చూశాను. ఇవి నాతోపాటు దహనం చేయాలి. ఏ మ్యూజియం అడిగినా ఇవ్వకూడదు.

4. మొదటి ముద్రణలో చివరి పేజీలో మూడు పేర్లున్నాయి. ఫొటోలు: ఇగావా జోజి. కూర్పు, కుట్టు: సెకినే ఉమెనో. అచ్చు: సెకినే తొకుజి. 1998లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ మళ్లీ వేసింది. పదకొండు ఫొటోలు పోయాయి. నలుపు కడిగిన బొగ్గులా తేలిపోయింది. చివరి పేజీలో ఒకే పేరు. నేను ఫోన్ చేశాను.

"అది సంస్థ వాళ్ల నిర్ణయం అక్కా" అన్నాడు ఇగావా. "అయినా చూసుకోవడానికి అన్న ఇప్పుడు లేడుగా."

ఇరవై ఐదేళ్లయింది. ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

5. పన్నెండేళ్ల కిందట ఆ డమ్మీ తెమ్మని ఇగావా తన కూతురు మదోకాను పంపాడు. తలుపు ముఖాన వేశాను. మర్నాడు మళ్లీ వచ్చింది. "డమ్మీ వద్దు అత్తా. మా ఇంట్లో ఉన్న మొదటి ముద్రణ కుట్టు ఊడింది. ఎలా కుట్టాలో చూపించండి చాలు" అంది. చూపించాను. అప్పటి నుంచి ప్రతి గురువారం వస్తోంది. ఏడాది తర్వాత డమ్మీ నేనే తీసి ఆమె ముందు పెట్టాను. పేజీలన్నీ తిప్పి, "మరి మా నాన్న చేసిందేమిటి?" అని అడిగింది.

నాకు అబద్ధం చేతకాదు. "ఫొటోలు తీశాడమ్మా. జనవరి చలిలో నడుములోతు నీళ్లలో నిలబడి తీశాడు. అదేం తక్కువ పని కాదు" అన్నాను.

కాబట్టి డమ్మీని, నా కుట్టు సూదులను, మడతలు నొక్కే ఎముక పలకను ఇగావా మదోకాకు ఇస్తున్నాను. షరతు ఒక్కటే. దీన్ని చూసి కొత్త ముద్రణ వేస్తే చివరి పేజీలో అన్ని పేర్లూ ఉండాలి. లేకపోతే తాళం వేసి ఉంచాలి, కన్నతండ్రి కాళ్లు పట్టుకున్నా సరే. మొన్న సెప్టెంబరులో డమ్మీ కోసం ఇగావా స్వయంగా వచ్చి మా గుమ్మంలో కూర్చున్నప్పుడు ఈ షరతు మొహాన చెప్పాను. "పేరు కోసం ఇంత పట్టుదలా అక్కా?" అన్నాడు. "నీకు లేదా? అయితే నీది తీసేసి మావి వెయ్యి" అన్నాను. టీ తాగి, కర్ర వెతుక్కుని వెళ్లిపోయాడు.

6. ఇప్పుడు నా తప్పు. అన్ని పేర్లూ అన్నాను గాని, మొదటి పేజీలోని ఆ చేతులు ఎవరివి? ఫుకౌరా తోమే. నాచు ఆరబెట్టుకునే విధవరాలు. ఆమె పేరు ఫొటో వెనక పెన్సిలుతో ఇగావాయే రాశాడు. చివరి పేజీ కూర్చింది నేను. ఆమె పేరు వేయాలని నాకు తోచలేదు. ముఖం కత్తిరించిందీ నేనే. ఈ విషయంలో ఇగావాను తిట్టే హక్కు నాకు లేదు. షరతులో నాలుగో పేరు ఆమెది. నా దగ్గర మిగిలిన మొదటి ముద్రణ ప్రతులు ఐదూ, కత్తిరించని ఆమె అసలు ఫొటో, ఆమె మనవరాలు ఫుకౌరా చిజుకు పంపాలి. అమ్ముకుంటుందో దాచుకుంటుందో ఆమె ఇష్టం. సలహాలెవరూ ఇవ్వకండి.

7. ఇగావా జోజికి ఏమీ లేదు.

8. అయినా నా అంత్యక్రియలకు వస్తాడు. మెడలో కెమెరా ఉంటుంది. తొకుజి శవపేటిక దగ్గర కూడా ఉంది. ఆనాడు ఏడుస్తూనే మూడుసార్లు నొక్కాడు. నన్ను తీయడానికి వీల్లేదు. గుమ్మంలో చెప్పులతో పాటు కెమెరా విడిచి రమ్మని షుంపే చెప్పాలి. మొండికేస్తే ధూపం బయటి నుంచే వేయించి పంపేయండి. ఎవరూ అడక్కముందే తనంతట తాను తీసి పక్కన పెడితే మాత్రం, ముసలాడు, మోకాళ్లు వంగవు, ముందు వరసలో మదోకా పక్కన కుర్చీ వేయండి.

రెయివా ఐదో సంవత్సరం, అంటే 2023, నవంబరు 16, గురువారం.

సెకినే ఉమెనో (ముద్ర)

స్వహస్తంతో రాసిన దానికి సాక్షులు అక్కర్లేదని అకాజావా గారన్నారు. ఈసారి పేర్లు తగ్గకూడదని నేనే పిలిపించాను:

నిషివాకి కోహే, కాగితాల వర్తకుడు, సుయిదో
తమారు సాయే, తోఫు దుకాణం, ఎదురిల్లు