మావయ్య సెల్లోకి ఏ బీమా మంచిది?

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అంటే నడుం నొప్పితో నేనూ, నాతో మీ అత్తయ్యా.

మా వాద్యబృందంలో కొత్త రూలు పెట్టారు. బీమా లేని వాయిద్యం వేదిక ఎక్కకూడదట. పోయిన నెల ఎవరిదో బాకా మెట్ల మీద జారిపడి సొట్టపోయింది. అది ఎవరు బాగుచేయించాలన్న దాని మీద పెద్ద రభస. నా సెల్లో, అదే ఆ పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం, సంగతి నీకు తెలుసు. నిలబెడితే నా భుజాల దాకా వస్తుంది. పెళ్లికి ముందు నుంచీ మోస్తున్నాను. నువ్వు బీమా ఆఫీసులోనే కదా పని చేసేది! ఏది తీసుకోవాలో ఒక్క ముక్కలో రాసెయ్. ఆలోచించే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
మావయ్య

తా.క. బీమా డబ్బు నేను పోతే వస్తుందా, సెల్లో పోతే వస్తుందా అని మీ అత్తయ్య అడిగింది. సెల్లో పోతేనే అన్నాను. అప్పట్నుంచీ ఏదో ఆలోచిస్తోంది.

*

గౌరవనీయులైన మావయ్యకు,

నమస్కారాలు. మీ ఉత్తరం నా బల్ల మీద ఫైళ్ల కింద దొరికింది. ఒక్క ముక్కలో తేలే పని మా ఆఫీసులో ఇంతవరకూ పుట్టలేదు.

మూడు రకాలున్నాయి. ఒకటి చవక. వాయిద్యం ఇంట్లో మూల పడి ఉండగా ఏమైనా అయితే ఇస్తారు, వాయిస్తుండగా అయితే ఇవ్వరు. రెండోది బయటికి తీసుకెళ్లినా వర్తిస్తుంది, కానీ దాన్ని తోడు లేకుండా వదలకూడదు. మూడోది వాయిస్తున్నా, మోస్తున్నా, ఊరికే చూస్తూ కూర్చున్నా వర్తిస్తుంది. ఖరీదు మాత్రం చుక్కల్లో ఉంటుంది. నిదానంగా ఆలోచించుకోండి.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. అత్తయ్య అడిగిన రకం వేరే గుమాస్తా చూస్తాడు.

*

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు. నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. "మూల పడి ఉంటే డబ్బులొస్తాయా? అయితే అది మీ పేరు మీదే తీసుకుందాం" అంది.

మధ్యేమార్గమని రెండోది తీసుకున్నాను. ఇప్పుడు దానికి తోడుండలేక చస్తున్నాను. మంగలి షాపుకి తీసుకెళ్తే, "ఇద్దరికీనా సార్?" అన్నాడు. బస్సులో దాన్ని కూర్చోబెట్టి నేను నిలబడ్డాను. ఒక పెద్దావిడ, "పాపం, ఒంట్లో బాలేదా?" అని పెట్టెకేసి చూసి నన్నడిగింది. రిహార్సలు హాల్లో బాత్రూముకి వెళ్లాలంటే దాంతోనే వెళ్తున్నాను. తలుపు పడదు. బయట నుంచున్నవాళ్లు ఏమనుకుంటున్నారో నీకు రాయలేను.

ఇట్లు,
అలిసిపోయిన మావయ్య

తా.క. మంగలి కత్తెర తీగకి తగిలితే బీమా వర్తిస్తుందా?

*

గౌరవనీయులైన మావయ్యకు,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. తోడంటే రోడ్డు మీద అనాథలా వదిలెయ్యొద్దని. తాళం వేసిన గదిలో పెట్టి హాయిగా బాత్రూముకి వెళ్లండి. అంతకన్నా ఏమీ అక్కర్లేదు మావయ్యా. దాన్ని కింద పడనివ్వకండి, చాలు.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. కత్తెర ప్రశ్న మీద మా మేనేజరు మీటింగు పెట్టారు. మధ్యాహ్నం భోజనాలు కూడా అక్కడే అయ్యాయి. ఏమీ తేలలేదు.

*

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య దీవెనలు. ఆయన చెబుతుంటే అత్తయ్యను నేను రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా ఉన్నాయి కాబట్టి నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

హాలు మెట్ల మీద కాలు జారింది. సెల్లోని పడనివ్వొద్దన్నావు కదా, అందుకని నేను పడ్డాను. అది నా మీద పడింది. దానికి గీత కూడా పడలేదు. నాకు కుడి మణికట్టు విరిగింది, కమాను పట్టే చెయ్యి. (ఆసుపత్రిలో కూడా ముందు దాన్ని చూడమన్నారు. ఇది నా మాట.)

కచేరీ నేను లేకుండానే జరిగిపోయింది. బాగా జరిగిందట. లోటుగా ఉందని ఒక్కరూ అనలేదు. ఇక చాలు తల్లీ. సెల్లో మూలనే ఉంటుంది. ఆ చవక పాలసీకి మార్చెయ్.

మీ మావయ్య మందు వేసుకుని కునుకు తీస్తున్నారు. ఇక్కడి నుంచి అంతా నేనే.

ఇన్నేళ్లూ పొద్దున్నే ఆ మోతకి తిట్టుకుంటూ లేచాను. ఇప్పుడు ఇల్లు మూగబోయింది. పొయ్యి మీద పాలు రోజూ పొంగిపోతున్నాయి. ఆయన ఎప్పుడూ ఒకే చోట తప్పు వాయిస్తారు చూడు, సరిగ్గా అప్పుడు పొయ్యి కట్టేసేదాన్ని. ఇప్పుడు నాకెవరు చెబుతారు? హాల్లో అంతమందికి లోటు తెలియకపోతే పోనీ. వాళ్లకి పొయ్యి మీద పాలు లేవు.

కట్టు విప్పాక ఆయన వాయిస్తారు. చవకది వద్దు. వాయిస్తుండగా వర్తించేదే పంపు. ఎడమచేత్తోనైనా సంతకం నేను పెట్టిస్తాను.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఈ సంగతులేవీ ఆయనకి రాయకు. ఇల్లు ప్రశాంతంగా ఉందని చెప్పాను. పాపం, నమ్మేశారు.