మాటపట్టుకు అడ్డం

ఫిబ్రవరి 3

పోయిన నెల హెర్నియా ఆపరేషన్‌లో ఏదో తేడా కనిపించిందని రక్తం తీశారు. ఇవాళ రిపోర్ట్ వచ్చింది. డాక్టర్ నాకంటే ముందు మా కాన్వెంట్ మదర్‌కి చెప్పాడు. నా పొట్టలో ఏముందో ఆవిడకే ముందు తెలియాలి కాబోలు. గర్భసంచి లేదట. లోపల వృషణాలున్నాయట. ఇంటర్‌సెక్స్ అంటారట, పుట్టుకే అంతట. నెలసరి రాకపోతే అదీ దేవుడి పిలుపే అనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

మేలో నా మాటపట్టు: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని దేవుడి ముందు మూడు ప్రమాణాలు. ఆ రోజుతో సిస్టర్‌నవ్వాలి.

ఫిబ్రవరి 5

నన్ను గెస్ట్‌రూమ్‌కి మార్చారు. విశ్రాంతి కోసమట. దిండు తెచ్చుకుందామని మేమంతా పడుకునే హాల్లోకి వెళ్తే, ఏళ్ల తరబడి నా పక్క మంచంలో గురకపెట్టిన పిల్ల దుప్పటి మెడదాకా లాక్కుంది.

ఫిబ్రవరి 11

ఇది పాపమా అని ఫాదర్‌ని అడిగాను. "ఛ, కాదమ్మా. దేవుడి సృష్టి" అన్నారు. మరి మాటపట్టు? "ఇది ఆడవాళ్ల మఠం కదమ్మా." అయితే బ్రదర్స్‌లో చేరనా అన్నాను. నవ్వబోయి, నా మొహం చూసి దగ్గారు.

ఫిబ్రవరి 12

ఫాదర్ నన్ను అమ్మా అనడం మాత్రం మానలేదు.

మార్చి 8, సాయంత్రం

బిషప్ గారి కబురు వచ్చింది. ఆపరేషన్ చేయించి అవి తీయించేస్తే అభ్యంతరం లేదట. డాక్టరేమో ఇప్పుడు తొందర లేదు, తీస్తే జీవితాంతం హార్మోన్ మాత్రలు మింగాలన్నాడు.

ఫాదర్‌ని నిలదీశాను. జబ్బు లేని అవయవాన్ని కోయించుకోవడం పాపమని క్లాసులో చెప్పింది మీరే కదా?

"వైద్యం కోసమైతే కాదమ్మా."

జబ్బు ఎవరికి ఫాదర్?

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

మార్చి 15

కోయించుకోనన్నాను. మదర్ ఏడ్చింది. కన్నతల్లిలా చూసుకున్నానే, ఒక్క మాట వినవా అంది. ఆ ఏడుపు నిజమే. అదే నా కడుపుమంట. ఏడుస్తూనే నా పెట్టె తెప్పించింది.

ఏప్రిల్ 2

అక్క ఇంట్లో ఉన్నాను. అక్క ఏమీ అడగలేదు, బావ అన్నీ అడిగాడు. ఇంతకీ మరదలా, బావమరిదా అని పకపకా నవ్వాడు. అక్క అతని ముందున్న కంచం తీసేసింది.

మే 4

ఇవాళ అక్కడ మిగతావాళ్ల మాటపట్టు. ఇక్కడ వంటింట్లో నేనూ మోకరించాను. పేదరికం అన్నాను. బ్రహ్మచర్యం అన్నాను. విధేయత అనబోయి ఆగాను.

అక్క ఆమెన్ అనేసింది.