ముట్టలేని రొట్టె

రాయపూర్,
8-8-1978

తమ్ముడు సుందరరావుకు ప్రభువు పేర వందనాలు. చింపేసే ముందు ఒక్కసారి చదువు.

విశాఖకు నీ బదిలీ ఆర్డరు వచ్చిందని పుకారు పుట్టించింది నేనే. సాయంత్రానికల్లా అందరం నవ్వుకుంటాం అనుకున్నాను. మధ్యాహ్నానికే మీ ఆవిడ ప్రమీలమ్మ నీ వెంట రావాలని ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చేస్తుందని ఈ గాడిదకు తట్టలేదు.

ఇక అబద్ధమాడనని బైబిలు మీద ఒట్టేశాను. మూడో రోజే గేట్‌మన్‌ను ఇంకో అబద్ధంతో ఏడిపించాను. నా ఒట్టుకు ఉన్న సత్తువ అంతే. ఇప్పుడు పొద్దున్నే, నోరు విప్పకముందే, "యేసయ్యా, ఈ నాలుక నావల్ల కాదు, నువ్వే పట్టుకో" అంటున్నాను. పదకొండు రోజులుగా పట్టుకున్నాడు.

మొన్న ఆదివారం చర్చిలో సాక్ష్యానికి లేచి అంతా ఒప్పుకున్నాను. "అరె భయ్యా, ఇవాళ ఏడుపు వేషమా?" అని ఏలియా పగలబడి నవ్వాడు. సంఘమంతా నవ్వింది. ప్రభు బల్ల దగ్గర రొట్టె నా దాకా వచ్చింది. నీతో సమాధానపడకుండా ముట్టలేక పక్కవాడికి అందించాను.

గురువారం నర్సుల పెద్ద మేట్రన్‌ను కలిసి తప్పు నాదని చెబుతాను. ఆమెకూ నా వేషాలు తెలుసు. నమ్మకపోతే ప్రమీలమ్మ ఉద్యోగం పోయినట్టే. నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు, పలకరించనక్కర్లేదు. పక్కన నిలబడు చాలు. పదింటికి ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను. నువ్వు రాకపోతే ప్రభువునే నమ్ముకుని ఒక్కణ్నే లోపలికి వెళతాను.

ఇట్లు,
నువ్వు అన్నా అని పిలవడం మానేసినవాడు