రెండు పిడికిళ్ల బియ్యం

ఇబ్రహీంపట్నం,
మంగళవారం.

అమ్మకు,

నీ పెద్దకూతురు రూత్ వందనాలతో రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల మా ఇంటి వరకు అందరం బాగున్నాం. నాగపూర్‌లో నువ్వు, తమ్ముడు జయపాల్, పిల్లలు బాగున్నారని నమ్ముతున్నాను. ఫోన్‌లో నీకు వినపడదు కాబట్టి, నువ్వు చెప్పినట్టే అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. కళ్లద్దాలు పెట్టుకొని నువ్వే చదువుకో, కోడలితో చదివించుకోకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మా హిమజ హయత్‌నగర్‌లో బట్టల షాపులో చేరింది. పొద్దున ఏడు గంటల బస్సుకు పోతుంది. నీ అల్లుడికి దగ్గు తగ్గింది, బీడీ తగ్గలేదు.

సేవా క్లబ్ పని ఇంకా చేస్తున్నావా అని అడిగావు. చేస్తున్నాను. చర్చి కోసం నువ్వు నేర్పిన పద్ధతే క్లబ్‌లో పెట్టించాను. అన్నం వండే రోజు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేయాలి. ఆదివారం మధ్యాహ్నం నేను గల్లీలో ఇల్లిల్లూ తిరిగి డబ్బాలు సంచిలో ఒంపుకుంటాను. ఆ బియ్యం కొంత అనాథ పిల్లల హాస్టల్‌కు, కొంత దవాఖానలో రోగుల వెంట ఉండేవాళ్లకు వండిపెట్టడానికి పోతుంది. మిగిలింది లేనివాళ్ల ఇళ్లకు ఇస్తాం. ఒక్క ఇల్లూ తప్పకుండా ఇచ్చిన గల్లీకి క్లబ్ వాళ్లు షీల్డు ఇస్తారు. ఈ ఏడు అది మన గల్లీకే వచ్చింది. అధ్యక్షుడు అమరేందర్ సార్ నాకు శాలువా కప్పాడు.

ఇక మైసమ్మ చిన్నమ్మ సంగతి. ఒక్క ఉత్తరంలోనే రెండుసార్లు అడిగావు. ఇరవై ఏళ్లు కంకర మిషన్ దగ్గర నీతో పాటు తట్ట మోసిన మనిషి, అడగకుండా ఎలా ఉంటావు. అమ్మా, చిన్నమ్మ పోయింది. మొన్న ఆదివారం చూశాం, నిన్న మట్టి చేశారు. గుండె ఆగిందని అందరూ అన్నారు. నేనూ అందరితో అదే అన్నాను. నీతో అనలేను.

నువ్వు వెళ్లాక ఆమె మోకాలు చెడి కూలి మానేసింది. కంకర మోసి అరిగిన వేళ్ల ముద్రలు రేషన్ మిషన్‌లో పడక ఆ బియ్యమూ ఆగిపోయింది. అయినా ఏ ఆదివారమూ డబ్బా తప్పలేదు. బియ్యం ఇచ్చే ఇంటి పేరు తీసుకునేవాళ్ల పట్టీలో ఉండకూడదని మాకో నియమం. అది పెట్టింది నేనే. నిరుడు ఒకామె పిడికెడు ఇచ్చి సంచి పట్టుకుపోయిందని కోపమొచ్చి పెట్టాను.

వానాకాలం మొదట్లో చిన్నమ్మ గడపలో కూర్చొని నన్ను అడిగింది.

"రూతూ, నా పేరు గా తీసుకునేటోళ్ల పట్టీల రాయరాదు బిడ్డా."

"రాస్తే మన గల్లీల ఒక ఇల్లు తక్కువైతది చిన్నమ్మా. షీల్డు వచ్చేదాక జర ఆగు."

"అవ్, నీకు మాట రావొద్దు. ఆగుత తియ్యి."

మళ్లీ అడగలేదు. షీల్డు వచ్చాక నేను ఆ సంగతే మరిచిపోయాను.

డబ్బా మాత్రం నాకు చెబుతూనే ఉంది. వండిన రోజుకే పిడికెడు కదా. వారానికి ఏడు ఉండేవి ఐదయ్యాయి, తర్వాత మూడు. "నీ పిడికిలి చిన్నగయిందా ఏంది చిన్నమ్మా" అని నవ్వులాడాను కూడా. ఆమె నవ్వింది. వారంలో మూడు రోజులే పొయ్యి వెలుగుతోందని నాకు తట్టలేదు. కాదు, తట్టింది. ఈ మాట రాయలేకే నిన్నటి నుంచి మూడు కాగితాలు చింపాను. తట్టినా చూడనట్టు బయటికి వచ్చేశాను.

మొన్న వెళ్లేసరికి చాప మీద నిద్రపోతున్నట్టే ఉంది. గిన్నెల్లో మెతుకు లేదు. నాకు అందేలా డబ్బా గడప పక్కనే పెట్టి ఉంది. అందులో రెండు పిడికిళ్లు. వండుకుంటే ఇంకో పూట గడిచేది. ఆకలైనవాళ్ల బియ్యమని ముట్టుకోలేదు.

అమరేందర్ సార్ వచ్చి, "నువ్వేం జేస్తవమ్మా, ఆమె చెప్పకపాయె" అన్నాడు. చెప్పిందని నేను చెప్పలేదు. ఈ ఆదివారం మీటింగులో నిలబడి చెబుతాను, ఆ నియమం కొట్టేయిస్తాను, శాలువా తిరిగి ఇచ్చేస్తాను. దాంతో చిన్నమ్మకు ఒరిగేదేమీ లేదని తెలుసు. ఆ రెండు పిడికిళ్లు సంచిలో కలపడానికి చేతులు రాలేదు. నా దగ్గరే ఉన్నాయి.

ఇంకొకటి మిగిలింది. నీ ఉత్తరం గురువారమే అందింది. మైసమ్మను ఇంటికి పిలిచి నా పేరు చెప్పి కడుపునిండా అన్నం పెట్టు అని రాశావు. ఆమె ఇల్లు మా ఇంటికి నాలుగు గడపల అవతల. ఆదివారం డబ్బా కోసం ఎలాగూ పోతాను కదా, అప్పుడు పిలుద్దాంలే అనుకున్నాను.

ఇట్లు,
నీ బిడ్డ
రూత్