డబ్బాల తెలుగు

పుంగనూరు,
ఆగస్టు 2004.

ఇందిరక్కా,

ఆస్పత్రి డ్యూటీల్లో నువ్వు ఫోన్‌కు దొరకవు కనుక రాస్తున్నాను. కోపంలో గీకేస్తున్నాను, కూడబలుక్కుని చదువుకో.

పాఠాల్లో ఇంటర్నెట్ ఎలా వాడాలో భాషా ఉపాధ్యాయులకు నేర్పమని విద్యాశాఖ ఆఫీసువాళ్లు నన్నిక్కడికి పంపారు కదా. నేనేమో ఇంగ్లీషు టీచరును. కంప్యూటర్ కోర్సు చేశానని నా మెడకు తగిలించారు. హాలునిండా తెలుగు పండితులు, కంప్యూటర్లు నాలుగే. పొద్దున కరెంటు లేదు. కరెంటొచ్చాక ఫోన్ లైను దొరకలేదు. లైను దొరికి మోడెం కీచుమంటుండగా పక్కగదిలో ఎవరో ఫోనెత్తారు, అంతా తెగిపోయింది. "టీ ఎప్పుడిస్తారమ్మా?" అని వెనక వరసలోంచి ఒకాయన. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

చివరికి ఒక తెలుగు పత్రిక పేజీ తెరుచుకుంది. తెరంతా ఖాళీ డబ్బాలు! ఆ పత్రిక ఫాంటు ఈ కంప్యూటర్లో లేదు, దించుకుంటే అక్షరాలు కనబడతాయని చెబుతూనే ఉన్నాను. ఇక్కడందరికీ పెద్ద పండితుడు ఆదినారాయణ గారు లేచి నిలబడ్డారు.

"ఇదేనా నీ తెలుగు? అయినా మీది బైబిల్ తెలుగు గదమ్మా. నువ్వా మాకు సెప్పేది?"

హాలంతా నవ్వింది. అక్కా, నాన్న మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఒత్తూ దిద్దించింది ఈ మాట పడ్డానికా? నేను ప్రార్థన చేసినా, పోట్లాడినా ఈ భాషలోనే కదా! సుద్దముక్క బల్ల మీద పడేసి కంప్యూటర్లు కట్టేశాను.

రెండో విడత శిక్షణ వచ్చేవారం కుప్పంలో. మళ్లీ వీళ్లే. నేను వెళ్లను. ఇంకెవరినైనా చూసుకోమని ఆఫీసులో చెప్పేస్తాను. ఇంట్లో ఎవరికీ తెలియదు, నీకే మొదట చెబుతున్నాను.

నీ జెన్ని


కుప్పం.

అక్కా,

వెళ్లాను. తిట్టకు. ఆఫీసులో, "వేరే ఎవురుండారమ్మా? నువ్వు పోకుంటే ఇంతటితో ఆపేస్తాం" అన్నారు. ఆపేస్తే ఆ పెద్దాయన మాటే నిలిచిపోతుందని ఒళ్లు మండి బస్సెక్కాను.

ఇక్కడ లైను బాగుంది. మనుషులే అలాగే ఉన్నారు. రెడ్డెప్ప సార్ అని ఒకాయన, మౌస్ కదపమంటే గాల్లోకి ఎత్తి తెరకు చూపించారు. ఫాంటు దిగేసరికి నా సహనం అడుగంటింది. అప్పుడు డబ్బాలన్నీ పోయి తెలుగు అక్షరాలు వచ్చాయి.

ఆదినారాయణ గారు కుర్చీ లాక్కుని పైకి చదవడం మొదలుపెట్టారు. కంచుగొంతు. అందరూ చుట్టూ మూగారు. 'విశిష్ఠ' అన్న మాట మీదుగా ఆయన సాగిపోతుంటే నా నోరు ఆగలేదు.

"సార్, అక్కడ ట ఒత్తు ఉండాలి. ఠ పడింది."

కళ్లజోడు తుడుచుకుని తెర మీదికి వంగారు. ఎవరూ నవ్వలేదు.

"తప్పే" అన్నారు. వెంటనే బల్ల మీద గుద్దారు. "లోకమంతా సూసే సోట ఇట్ల రాస్తారా? యాడుండారు వీళ్లు? ఎవురు సెప్పాల వీళ్లకు?"

"కింద ఈమెయిల్ అడ్రసు ఉంది సార్. మనమే రాయొచ్చు."

ఇక నా తిప్పలు చూడాలి. తెలుగులో టైపు చేసే వీలు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తానంటే, "తప్పు దిద్దను పోయి నూరు తప్పులు రాస్తామా?" అని గయ్యిమన్నారు. ఇంగ్లీషులోనే రాయమన్నారు. వాక్యం వాక్యం మార్పించారు. కామాల దగ్గర కూడా వాదన!

"ఎవరి పేరు పెట్టను సార్?"

"నీ పేరే ముందు పెట్టు. కనిపెట్టిందానివి నువ్వు గదా." తర్వాత అందరికీ వినబడేలా అన్నారు: "పుంగనూరులో నేనన్న మాట అనగూడనిదమ్మా. అందరి ముందర అన్నాను. అందరి ముందర్నే సెప్తాండాను, తప్పు నాదే."

పంపే బటన్ ఆయన చేతే నొక్కించాను. అంతే, పోయిందా, సదివినారా, ఇంకా యాల జవాబు రాలేదని సాయంత్రం దాకా నా ప్రాణం తోడేశారు.

తర్వాతి విడత మదనపల్లెలో, దానికి నాతోబాటు తానూ నేర్పుతారట, ఆఫీసుకు రాసిచ్చేశారు. ఆ కామాల మనిషితో ఎలా వేగాలో ఏమో! వద్దని మాత్రం అనలేదక్కా.

నీ చెల్లెలు,
జెనిఫర్