కంచె వారన రెండు వంపులు

విద్యుత్ సెక్షన్ ఆఫీసు, అసిస్టెంట్ ఇంజనీరు గారి సముఖమునకు,
ఇసుకపూడి తూర్పు పేట మంచినీటి కమిటీ సభ్యుడు దారా జక్రయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పేట మంచినీటి బోరు మోటారు కొరకు భూమిలో వేసిన కరెంటు తీగ గొట్టమునకు, నిబంధనలోని నాలుగు వంపులకు మించి మరి రెండు వంపులు అనుమతించవలసినదిగా కోరుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, మా పేటకు బోరు వేసి ఏడాది దాటినది. నీళ్లు పడినవి, తియ్యగానే ఉన్నవి. మోటారు దించినారు. కరెంటు మాత్రము లేదు. రోడ్డు మీది స్తంభానికీ బోరుకీ నడుమ మా చర్చి సంఘపు సమాధుల తోట ఉన్నది. గాలిలో తీగ లాగితే, టిక్కీ బస్తాలు ఎత్తుగా పేర్చుకుని కోల్డ్ స్టోరేజీకి పోయే మిర్చి లారీలు తగిలించుకుపోతాయని తమ ఆఫీసువారు ఒప్పుకోలేదు. భూమిలో గొట్టం వేసి అందులోంచి తీగ లాగాలని, గొట్టం పని మేమే చేసుకోవాలని, అది తమ కొలతలకు సరిపోతేనే కనెక్షన్ ఇస్తామని సెలవిచ్చారు. సరేనన్నాము. ఆ తరువాత జరిగినవి వరసగా విన్నవించుకుంటున్నాను.

1. మొదటి తప్పు మాదే. మూల తిరిగే చోట నీళ్ల పైపుకు వేసే ఎల్బోలు వేశాము. నీళ్లు ఏ మూలనైనా తిరిగి పోతాయి గనుక తీగ కూడా పోతుందనుకున్నాము. తమ లైన్ ఇన్‌స్పెక్టరు బుడే గారు వచ్చి చూసి, "తీగ నీళ్లు కాదయ్యా జక్రయ్యా. అట్టా మూల తిప్పి లాగితే తోలు ఊడొచ్చిద్ది," అన్నారు. వాటిని కోసి పారేసి, నిదానంగా వంగే పెద్ద బెండ్లు గుంటూరు నుంచి తెచ్చి వేశాము.

2. గొట్టం వేశాక అధికారి వచ్చి చూసేవరకు గాడి పూడ్చరాదని నిబంధన. మాది నల్లరేగడి. ఎండితే కాలు దిగేంత నెర్రెలిస్తుంది, తడిస్తే ముద్దయి జారుతుంది. సమాధుల తోట దాకా గొట్టం వేసిన సాయంత్రం మబ్బు పట్టింది. గాడి గోడలు కూలి గొట్టమూ, దాని కింద పరిచిన ఇసుకా ఏకమైపోతాయని భయపడి అందరం కలిసి పూడ్చేశాము. వాన రాలేదు. మరునాడు అధికారులు వచ్చారు. మళ్లీ తవ్వాము. ఇందులో ఎవరినీ ఏమీ అనను. దేవుణ్ణి కొంచెం అన్నాను.

3. ఈ అర్జీ అసలు మూడో సంగతి కోసమే.

సమాధుల తోటకు ఒక పక్క మురుగు కాలువ ఉన్నది. రెండో పక్క చెంచయ్య గారి మిరపతోట. గాడి తీయనిమ్మని అడిగితే, "కాపు మీదుంది జక్రయ్యా, వేరు తెగితే చెట్టు పోద్ది," అన్నారు. ఆయన తోట ఆయన ఇష్టం. కనుక గొట్టం సమాధుల తోట లోపల, కంచె వారన పోవాలని, అక్కడ సమాధులు లేవని సంఘపెద్దలు తీర్మానించారు. సమాధులు లేని మాట నిజమే. ఎవరూ లేరన్న మాట నిజం కాదు.

బాప్తిస్మం కాకుండా పోయిన పసిబిడ్డలకు మా తోటలో వరస లేదు. కంచె వారన పెడతారు. సిలువ నాటరు, రాయి పెట్టరు. పెద్దల నాటినుంచి అంతే. ఏ ఇంటి బిడ్డ ఎక్కడున్నదో ఆ ఇంటివారికే తెలుసు.

నా కూతురు అక్కడ ఉన్నది.

పన్నెండేళ్ల కిందట గుంటూరు ఆసుపత్రిలో నా భార్య రెబ్కాకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పొద్దున పుట్టింది, సాయంత్రానికి పోయింది. తల్లికి స్పృహ లేదు. మా నాన్నా నేనూ బిడ్డను తువ్వాలులో చుట్టి ఆటోలో తెచ్చి, చీకటి పడకముందే పెట్టి తిరిగి ఆసుపత్రికి వెళ్లాము. పాస్టరు గారు ఊళ్లో లేరు. ప్రార్థన నేనే చేశాను. రెబ్కా ఇంటికి వచ్చేసరికి వానలు పడి నేల చదునైపోయింది. ఇక్కడే అని చూపించాను. ఏటా ఈస్టరుకు ముందు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసుకుంటారు. ఆమె మా నాన్న సమాధికి వేసి, మిగిలిన సున్నం బకెట్టు పట్టుకుని కంచె దగ్గర కాసేపు నిలబడి వస్తుంది. నేను చూడనట్టు ఉంటాను. మా మధ్య ఆ మాట రాదు.

గాడి అక్కడికి వస్తుండగా మిగతావాళ్ల చేతిలోంచి పలుగు తీసుకుని, కింద రాయి పడింది, పక్కకు తిప్పండి అన్నాను. పక్కకు ఒక సగం వంపు, తిన్నగా రావడానికి ఒకటి, దాటాక అవే మరి రెండు. సగాలు నాలుగు, అంటే నిండు వంపులు రెండు. స్తంభం దగ్గరి నుంచి మోటారు పెట్టె దాకా అప్పటికే నాలుగున్నవి. మొత్తం ఆరు. తీగ పోతుందో లేదో చూడడానికి బుడే గారు గొట్టంలోకి తాడు పంపి, దానికి చెక్కగుండు కట్టి లాగారు. సరిగ్గా అక్కడే బిగుసుకుంది.

"రాయి పడిందండీ," అన్నాను.

"ఈ రేగడిలో బావంత లోతు తవ్వినా గులకరాయి దొరకదు. రాయేందయ్యా?" అన్నారాయన.

చెప్పాను. ఆయన తాడు వదిలేసి గట్టు మీద కూర్చున్నారు. "నేను చూసి రాసేవాణ్ణే గానీ ఒప్పుకునేవాణ్ణి కాదు. ఏఈ గారికి అర్జీ పెట్టుకో," అన్నారు. అందుకని తమకు రాస్తున్నాను.

4. నడుమ ఇటుకల గుంట ఒకటి కట్టి, అక్కడ తీగ అందుకుని మళ్లీ లాగితే వంపుల లెక్క కొత్తగా మొదలవుతుందని తమ ఆఫీసులో చెప్పారు. ఆ గుంట నాలుగడుగుల చదరం ఉండాలట. కంచెకూ సమాధుల వరసకూ మధ్య అంత చోటు లేదు. కొలిచాను. అటు కొలిచినా ఇటు కొలిచినా ఎవరో ఒకరు తగులుతారు.

5. మా పేట ఆడవాళ్లు ఇప్పటికీ ఊళ్లోకి పోయి, అక్కడివాళ్లు పట్టుకున్నాక నీళ్లు మిగిలితే పట్టుకుని వస్తున్నారు. సంగతి తెలిశాక మా పక్కింటి క్రిస్టీనా నడివీధిలో నన్ను ఆపి, "జక్రయ్యన్నా, నీ పాపకి నీళ్లక్కర్లేదు, మా పిల్లలకి కావాలి," అన్నది. ఆమె మంచిదే. బిందె మోసి మోసి మెడ పట్టేసిన మనిషి. కమిటీవారు వచ్చే వారం మిషను తెప్పించి తిన్నగా తవ్విస్తామంటున్నారు. మిషను తొట్టికి ఏం తెలుస్తుందండీ.

కావున తమరు దయయుంచి,

(అ) ఆ రెండు వంపులు అనుమతించవలెను. గుండు పోయేదాకా గొట్టం ఎన్నిసార్లు మార్చమన్నా మారుస్తాను. పెద్ద సైజు గొట్టం వేయమన్నా వేస్తాను.

(ఆ) నిబంధన ప్రకారము అది కుదరదన్న పక్షమున, ఆ కాస్త జాగాలో మిషను పెట్టరాదని, నేనొక్కడినే చేత్తో తవ్వుకోవచ్చునని కాగితం మీద ఇవ్వవలెను. ఆ తారీఖు నాకు ముందుగా తెలియజేసినచో, నా భార్యను వాడరేవులో ఉన్న వాళ్లక్క ఇంటికి ఏదో ఒక వంకతో పంపిస్తాను. ఆమె చూడకూడదు. ఈ అర్జీ సంగతి కూడా ఆమెకు తెలియదు.

తమ నిబంధనలలో తప్పున్నదని నేను అనడం లేదు. తీగ పోవాలంటే దారి తిన్నగా ఉండాలని నాకు అర్థమైంది. వాటిని రాసినవారికి మా కంచె సంగతి తెలిసే వీలు లేదు గనుక తెలియజేసుకున్నాను. ఒక తండ్రి మాటగా దీనిని తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దారా జక్రయ్య

ఏఈ గారికి, ఈ కింది రాత నాది. నేను రెబ్కాను. మా ఆయన ఈ కాగితం బియ్యం డబ్బాలో దాచారు. మా ఇంట్లో బియ్యం కొలిచేది నేనండి.

ఆయన అడిగినవి రెండూ ఇవ్వొద్దు. పైపు తిన్నగానే పోనివ్వండి. ఎండలు ముదరకముందు నీళ్లు రావాలి, క్రిస్టీనా అన్నదాంట్లో తప్పేం లేదు.

నేను బిడ్డను చూడలేదండి. కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది. ఎలా ఉందని అడిగితే నీలాగే ఉందన్నారు. చెబుతూ ఏడ్చారు, అందుకని మళ్లీ అడగలేదు. మోసింది నేను, పెట్టి వచ్చింది ఆయన.

అక్కడ నేను తవ్వుతాను. ఇన్నేళ్లకి ఏమీ మిగలదని నాకు తెలుసు. ఆ మన్నే నా చేత్తో ఎత్తుకుని, మా మామ పక్కన, వరసలో పెడతాను. పెద్దలు కాదంటే వాళ్లతో నేను మాట్లాడుకుంటాను. మిషను మాత్రం నేను తీసేదాకా ఆపించండి.

తారీఖు ఆయనకి కాదు, నాకు చెప్పండి. ఆ రోజు నేను కూలికి పోను.